‘సాలు’ అనగలిగిన చిలుక

విజయనగరం కంటోన్మెంటులోని మా ఇంటికి ఎవరు వచ్చినా, చెప్పులు విడిచి వసారాలోకి అడుగు పెట్టీ పెట్టగానే పంజరం వైపు తిరిగి ‘ఏదీ, ఓసారి మాట్లాడించండి చూద్దాం’ అంటారు. ఇచ్చిన మంచినీళ్ళు తాగక ముందే అంటారు. అలా అడగడంలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. చిలుక మాట్లాడుతుందంటే వినాలని ఎవరికి ఉండదు? కాని ఆ ముచ్చట తీర్చే విషయంలో నేను ఒక నియమం పెట్టుకున్నాను. అడిగినప్పుడు పలికే మాట ఏదైనా చిలుకకు నేర్పే ముందు, పలకడం తనకు ఇష్టం లేదని చెప్పుకునే మాట ఒకటి దానికి వచ్చి ఉండాలి. అది ఆ మాట అన్నప్పుడు మనం వినాలి. పక్షులను పెంచే నా పరిచయస్తులలో చాలామంది దీనిని గారాబం అంటారు. నా అనుభవంలోనూ, ఈ విషయం మీద నేను చదివి తెలుసుకున్న దానిలోనూ, చిలుకకు మాట నేర్పడానికి పునాది అదేనని తేలింది. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

మా చిలుక పేరు సీతాలు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవులకు చెందిన బూడిదరంగు చిలుక ఇది. పెంపకందారులు ఆఫ్రికన్ గ్రే అంటారు. ఒళ్ళంతా విభూతి పూసినట్టు ఉంటుంది, తోక మాత్రం కుంకుమ రంగు. విశాఖపట్నంలో మా తమ్ముడు దీనిని పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచాడు. ఉద్యోగం కోసం పై దేశం వెళ్ళవలసి వచ్చినప్పుడు, ‘అక్కా, నువ్వైతేనే చూసుకోగలవు’ అని నాకు అప్పగించాడు. ఈ జాతి చిలుకలను వ్యాపారం కోసం అడవుల నుంచి ఎంతగా పట్టుకుపోయారంటే, 2016లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (అంతరించిపోయే ప్రమాదమున్న ప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశం వీటిని అత్యంత రక్షణ ఉండే మొదటి అనుబంధంలోకి చేర్చవలసి వచ్చింది. మన దేశంలో ఇటువంటి విదేశీ ప్రాణులు ఇంట్లో ఉన్నవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వాటి వివరాలు నమోదు చేయించాలని 2024లో నిబంధనలు వచ్చాయి, మేము చేయించాము. ఇక మన రామచిలుకల సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పంజరంలో ఉంచడం అన్నీ నేరాలే. ‘ఊళ్ళో అందరూ పెంచుతున్నారు కదా’ అనేది జవాబు కాదు. ఈ వ్యాసం చదివి ఎవరైనా తాటితోపులోకి పిల్లను వెతుక్కుంటూ వెళితే, నేను చెప్పదలచినది వారికి చేరనట్టే.

నిజానికి నాకు ఈ పట్టుదల పుట్టింది కూడా ఒక రామచిలుక వల్లనే. మా అమ్మమ్మగారి ఊరు ఆమదాలవలస దగ్గర, నాగావళి ఒడ్డున ఉంది. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళున్నప్పుడు, ఎండాకాలం సెలవులకు వెళ్ళేసరికి అక్కడ వసారా దూలానికి ఒక చిలుక పంజరం వేలాడుతూ ఉంది. తల విరిగిన తాటి మోడు తొర్రలో నుంచి, ఇంకా ఈకలు పూర్తిగా రాని పిల్లను ఎవరో తీసి ఇచ్చారట. అది ‘ఎవరొచ్చేరూ’ అనేది. తలుపు చప్పుడైతే అనేది, మేము నిద్ర లేచి వసారాలోకి వస్తే అనేది. నాకు గుర్తున్నంతవరకు దానికి వచ్చినది ఆ ఒక్క మాటే, కాని ఎంత స్పష్టంగా అనేదంటే పెద్దవాళ్ళు నిజంగానే వీధిలోకి తొంగి చూసేవారు. చుట్టాలు వచ్చినప్పుడు మా పెద్ద మావయ్య పంజరం ముందు నిలబడి, పండు మిరపకాయ ఒకటి చువ్వల దాకా తెచ్చి వెనక్కి లాగుతూ ‘పలుకే, పలుకు, పలికితేనే పెడతాను’ అనేవాడు. పలకకపోతే పంజరాన్ని కుదిపేవాడు. అది చువ్వలు పట్టుకుని ఆ పక్కకూ ఈ పక్కకూ పాకేది, నోరు తెరిచి ఊరుకునేది. మరుసటి సంవత్సరం మేము వెళ్ళేసరికి చిలుక ఉంది గాని మాట లేదు. ‘మొండికేసింది’ అన్నారు. రొమ్ము మీద ఈకలను తానే పీక్కుని ఎర్రటి చర్మం కనిపించేలా చేసుకుంది. ఆ ఎర్రటి మచ్చ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. మావయ్య చెడ్డవాడు కాదు. మా పిల్లల గుంపుకి మామిడిపళ్ళు తన చేత్తో కోసి పెట్టిన మనిషి. చిలుకకు మాట రావడం, అది మన మాట వినడం ఒకటేనని అనుకున్నాడు, అంతే.

ఆ చిలుకకు మాట రావడానికి నాలుకను గరుకు ఆకుతో గీకారని తరువాత ఎప్పుడో అమ్మ చెప్పింది. ఈ పని మన ప్రాంతంలో ఇంకా పూర్తిగా పోలేదు. సీతాలు వచ్చిన కొత్తలో మా వీధిలో ఒక పెద్దావిడ ‘కాస్త వస అరగదీసి నాలిక్కి రాయండి’ అని ఎంతో ప్రేమగా సలహా ఇచ్చారు. పసిపిల్లలకు మాటలు బాగా రావాలని వస పోస్తాము, మాటకారిని వసపిట్ట అంటాము, కాబట్టి ఆవిడ ఆలోచనకు ఒక వరుస ఉంది. అయితే పక్షిలో ధ్వని పుట్టేది గొంతులో కాదు. గాలిగొట్టం కిందికి దిగి రెండుగా చీలి ఊపిరితిత్తుల వైపు వెళ్ళే చోట సిరింక్స్ అనే అవయవం ఉంటుంది. చిలుక మాట అక్కడ పుడుతుంది. అలా పుట్టిన ధ్వనికి పై దారిలో మెరుగులు దిద్దేది నాలుక. చిలుక నాలుక మందంగా, కండతో ఉండి, నోటిలో ముందుకూ వెనక్కూ పైకీ కిందికీ కదులుతుంది. మాంక్ పారకీట్ అనే చిలుకల మీద చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, ఆ నాలుక ఉన్న చోటు ఏ కాస్త మారినా బయటికి వచ్చే ధ్వని గుర్తించదగినంతగా మారుతుందని తేలింది. అంటే నాలుకను గీకేవారు మాట తెప్పించడం లేదు. ‘అ’కూ ‘ఇ’కీ తేడా చూపే పనిముట్టును పాడుచేస్తున్నారు. వస సంగతికి వస్తే, ఘాటైన ఆ దుంపను చిన్న ప్రాణికి పెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

తెలుగులో చిలుక మీద రెండు మాటలు బాగా వాడుకలో ఉన్నాయి. అర్థం తెలియకుండా పాఠం వల్లించే పిల్లవాడిని చిలకపలుకులు పలుకుతున్నాడంటాము. ఎంత చెప్పినా తలకెక్కని వారి గురించి ‘చిలక్కి చెప్పినట్టు చెప్పాను’ అంటాము. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, చెప్పిందే చెప్పడం తప్ప చిలుకకు మాట నేర్పే దారి లేదనీ, అలా నేర్చిన మాటలో అర్థం ఉండదనీ మనం తరతరాలుగా నమ్ముతున్నట్టు కనిపిస్తుంది. ఆ నమ్మకమే ఇప్పుడు సెల్‌ఫోనులోకి ఎక్కింది. ఒకే మాటను గంటసేపు మళ్ళీ మళ్ళీ వినిపించే వీడియోను పంజరం పక్కన పెట్టి పనికి వెళ్ళిపోయేవారు ఎందరో నాకు తెలుసు. నేనూ అదే చేశాను. మొదటి రెండు నెలలు ‘నమస్కారం’ అనే మాటను నా గొంతుతోనే రికార్డు చేసి, బడికి వెళ్ళేటప్పుడు పెట్టి వెళ్ళేదాన్ని. సీతాలు నేర్చుకున్నది ఆ రికార్డింగు మొదట్లో వచ్చే ‘టింగ్’ అనే చప్పుడు ఒక్కటే.

ఎందుకు అలా జరిగిందో ఐరీన్ పెప్పర్‌బర్గ్ పరిశోధన గురించి చదివాక అర్థమైంది. ఆమె రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొంది, ఆ తరువాత పక్షుల వైపు మళ్ళిన అమెరికన్ శాస్త్రవేత్త. 1977లో షికాగో ప్రాంతంలోని ఒక పక్షుల దుకాణంలో ఏడాది వయసున్న ఆఫ్రికన్ గ్రే చిలుకను కొని, దానికి అలెక్స్ అని పేరు పెట్టి, అది 2007 సెప్టెంబరు 6న చనిపోయే వరకు ముప్ఫై ఏళ్ళు దానితో పనిచేశారు. అలెక్స్ సుమారు 50 వస్తువుల పేర్లు, 7 రంగులు, 5 ఆకారాలు చెప్పగలిగేది. పళ్ళెంలో కలగాపులగంగా పెట్టిన వాటిలో ఒక రకం వస్తువులు ఎన్ని ఉన్నాయో ఆరు దాకా లెక్క చెప్పేది. ఆమె అనుసరించిన పద్ధతికి మూలం జర్మనీకి చెందిన డీట్మర్ టాట్ 1975లో ప్రచురించిన ప్రయోగాలలో ఉంది. ఆ పద్ధతిలో చిలుకకు ఎవరూ నేరుగా పాఠం చెప్పరు. దాని ఎదుట ఇద్దరు మనుషులు కూర్చుంటారు. ఒకరు వస్తువును చూపి ఇదేమిటని అడుగుతారు, రెండవవారు పేరు చెబుతారు, చెప్పినందుకు ఆ వస్తువునే పుచ్చుకుంటారు. తప్పు చెబితే వస్తువు పక్కకు పోతుంది, అడిగినవారు ముఖం తిప్పుకుంటారు. ఆ తరువాత ఇద్దరూ పాత్రలు మార్చుకుంటారు. రెండవ మనిషి చిలుకకు ఒక నమూనా, అదే సమయంలో ఒక పోటీదారు కూడా. ఇలా నేర్చుకోగలిగిన జాతి చిలుకలే, వట్టి శబ్దపు టేపులు వినిపించినప్పుడు గాని, మనుషులెవరూ తోడు లేకుండా వీడియోలు చూపినప్పుడు గాని వస్తువుల పేర్లు నేర్చుకోలేదని కూడా పెప్పర్‌బర్గ్ పరీక్షించి చూపారు. పలికిన మాటకు ఎదుటి నుంచి ఏదో ఒకటి జరగాలి. ఫోను ఎంతసేపు మాట్లాడినా జామకాయ ఇవ్వదు కదా.

మేము మొదలుపెట్టినది జామకాయతోనే. ఉదయం ఆరున్నరకు, పాలు పొంగించి దించాక, నేనూ మావారూ పంజరం ముందు రెండు పీటలు వేసుకుని కూర్చునేవాళ్ళం. పంజరం తలుపు తీసి ఉండేది. సీతాలు పైన కర్ర మీద కూర్చుని చూసేది. మావారు జామ ముక్కను నా కళ్ళ ఎత్తులో పట్టుకుని ‘ఇదేటి?’ అనేవారు. నేను ‘జామ’ అనేదాన్ని. ఆయన వెంటనే ఇచ్చేవారు, నేను కొరికి, ఎంతో బాగుందన్నట్టు నమిలేదాన్ని. మళ్ళీ ‘ఇదేటి?’ ఈసారి నేను కావాలని ‘కాకర’ అనేదాన్ని. ఆయన ముక్కను అరచేతిలో దాచేసి గోడ వైపు తిరిగేవారు. మూడవ రోజున ఆ క్షణంలో సీతాలు కర్ర చివరి దాకా జరిగి వచ్చి, మెడ సాచి, ఆయన మూసిన పిడికిలి వైపు చూసింది. చిలుకలు దేనిమీదనైనా మనసు పెట్టినప్పుడు వాటి కనుపాపలు గబగబా చిన్నవవుతూ పెద్దవవుతూ ఉంటాయి. లేత పసుపు వలయం మధ్య ఆ నల్లటి చుక్క అలా కొట్టుకోవడం మూరెడు దూరం నుంచి మొదటిసారి చూశాను. నా విద్యార్థులలో ఎవరికైనా లెక్క తెగబోతున్నప్పుడు కళ్ళలో కనిపించే వెలుగు నాకు తెలుసు. దానికి దీనికి తేడా ఉందని నేను అనలేను.

పదకొండవ రోజున ‘ఆఁ’ అన్నట్టు ఒక శబ్దం వచ్చింది. పేరులో సగం కూడా లేని ఆ శబ్దానికి కూడా ముక్క ఇచ్చాము. క్షణం ఆలస్యం చేయకుండా ఇవ్వడం ముఖ్యం, ఎందుకంటే మాటకూ వస్తువుకూ మధ్య కాస్త ఎడం వచ్చినా ఆ లోపల అది రెక్క సవరించుకుంటే, రెక్క సవరించుకున్నందుకే పండు వచ్చిందనుకుంటుంది. ఆ తరువాత రెండు మూడు రోజులకు, మధ్యాహ్నం ఎవరూ లేని వేళ, నేను పక్క గదిలో జవాబు పత్రాలు దిద్దుతూ ఉండగా వసారా నుంచి సన్నగా ‘జా... జాఁ... ఆఁ... జాఁవ’ అని వినిపించింది. పనిలేనప్పుడు ఒంటరిగా కొత్త మాటను నూరుకోవడం అలెక్స్‌లో కూడా పెప్పర్‌బర్గ్ గమనించి రాసిన విషయమే. ‘మ’ అన్నది దానికి ‘ఁవ’గానే మిగిలిపోయింది, ఎందుకంటే పెదవులు లేని ప్రాణికి ప, బ, మ లు చాలా కష్టం. అచ్చులతో ముగిసే మన మాటలు మాత్రం దాని నోటికి చక్కగా ఒదుగుతాయని నాకు అనిపిస్తుంది. ‘జీడి’ అనే మాట ఆరు రోజులలోనే వచ్చింది. (ఉప్పు వేయని పలాస జీడిపప్పు బద్ద మీద దానికి ఉన్న మక్కువ కూడా అందుకు కారణం కావచ్చు.)

మాట రావడం ఒక సంగతి, అడిగినప్పుడు రావడం ఇంకొక సంగతి. పక్షులకు శిక్షణ ఇచ్చేవారు దీనికి ఒక క్రమం చెబుతారు. మొదట పక్షి ఎప్పుడు పలికినా బహుమతి ఇవ్వాలి. తరువాత, అది సాధారణంగా పలికే వేళలలో, అంటే తెల్లవారాక, పొద్దుగూకే ముందు, పలకబోయే క్షణానికి ముందుగా మన సంజ్ఞ ఇవ్వాలి. సంజ్ఞకూ మాటకూ ముడి పడ్డాక, సంజ్ఞ లేకుండా పలికిన మాటను పట్టించుకోకూడదు. మొదటి రెండు మెట్లు నాకు ఎంతో ఉపయోగపడ్డాయి, ‘ఇదేటి?’ అనే ప్రశ్న, కళ్ళ ఎత్తులో పట్టుకున్న ముక్క, ఈ రెండూ కలిసి మా సంజ్ఞ అయ్యాయి. మూడవ మెట్టుతో మాత్రం నాకు పేచీ ఉంది. గెంతడానికో, చేతి మీదికి ఎగిరి రావడానికో ఆ నియమం సరిపోతుంది. మాట విషయంలో సరిపోదు. సీతాలు మధ్యాహ్నం మూడు గంటలకు, ఎవరూ అడగకుండా ‘జాఁవ’ అంటే అది తప్పిన సంజ్ఞ కాదు, దాని కోరిక. ఆ కోరికను విననట్టు ఊరుకుని, సాయంత్రం చుట్టాల ముందు నేను అడిగినప్పుడు మాత్రం అదే మాటకు పండు ఇస్తే, జామ అనే మాటకు అర్థం జామకాయ అని కాక, నా మెప్పు అని నేర్పినట్టు అవుతుంది. సంతలో చిలక జోస్యం చెప్పేవారి పక్షి పెట్టె లోంచి వచ్చి, కార్డు లాగి, గింజ తిని, పెట్టెలోకి పోతుంది. అడిగినప్పుడు చేయడం అంటే అదే అయితే, అందులో చిలుకకు ఉన్న భాగం గింజ ఒక్కటే.

పెప్పర్‌బర్గ్ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇక్కడే ఉంది. పేరు చెప్పినందుకు వస్తువు ఇస్తూ పోతే, తనకు అక్కరలేని వస్తువు పేరు చెప్పడానికి చిలుకకు ఏ కారణమూ ఉండదు. అందుకని ఆమె అలెక్స్‌కు ‘కావాలి’ అనే మాటను విడిగా నేర్పారు. తాళంచెవి పేరు సరిగా చెబితే, తాళంచెవి బదులు తనకు నచ్చినది ఏదైనా కోరుకునే హక్కు దానికి వచ్చేది. విసుగు పుట్టినప్పుడు వెనక్కి, తన చోటికి పోతానని కూడా అలెక్స్ అనేది; ఒక్కొక్కప్పుడు సరైన జవాబు ఒక్కటి వదిలేసి మిగిలిన తప్పు జవాబులన్నీ వరసగా చెప్పేదని ఆమె రాశారు. తప్పులు అలా ఏరి చెప్పాలంటే ఒప్పు తెలిసి ఉండాలి. ఇది చదివినప్పుడు నాకు అమ్మమ్మగారి వసారాలోని చిలుక గుర్తుకు వచ్చింది. దానికి ‘ఎవరొచ్చేరూ’ అనే మాట వచ్చు. ‘వద్దు’ అనడానికి మాట లేదు. ఉన్నది తన రొమ్ము మీద ఈకలే.

‘వద్దు’ నేర్పాలని నేను అనుకుంటూ ఉండగా మా అత్తయ్య వల్ల వేరే మాట దొరికింది. అత్తయ్యది బొబ్బిలి వైపు పల్లె. భోజనాల బల్ల వసారాకు ఎదురుగా ఉండటం వల్ల, సీతాలు మా తిండిని రోజూ చూస్తుంది. నేను గరిటె పట్టుకుని ‘ఇంకొంచెం వేయమంటారా అత్తయ్యా?’ అంటే, ఆవిడ చేయి అడ్డం పెట్టి ‘సాలమ్మా, సాలు’ అంటారు. నేను గిన్నె వెనక్కి తీస్తాను. అడగడం, ఒక మాట అనడం, అడిగేది ఆగిపోవడం. టాట్, పెప్పర్‌బర్గ్ చెప్పిన ఇద్దరు మనుషుల పాఠమంతా పూటపూటకూ మా బల్ల దగ్గర, మాకు తెలియకుండానే, జరుగుతూ ఉంది. ఒక రాత్రి నేను రెండోసారి పెరుగు వేయబోతుంటే అత్తయ్య కంటే ముందు వసారాలో నుంచి ‘సాలు’ అని వినిపించింది. అచ్చం ఆవిడ గొంతే. ఆవిడ చేతిలో ముద్ద పట్టుకుని ‘ఓలమ్మ, దీనికి నా గొంతు వచ్చేసిందేటే!’ అన్నారు.

ఆ మరునాటి నుంచి పొద్దుటి పాఠంలో దానిని చేర్చాము. మావారు నన్ను వరసగా నాలుగుసార్లు ‘ఇదేటి?’ అని అడిగేవారు. ఐదవసారి నేను ‘సాలు’ అనేదాన్ని. ఆయన వెంటనే పళ్ళెం తీసి లోపల పెట్టేసేవారు, ఇద్దరం లేచిపోయేవాళ్ళం. సీతాలు అన్నప్పుడు కూడా అంతే. మొదటి పది రోజులలో ఆరు రోజులు అది పాఠం మొదలైన నిమిషానికే ‘సాలు’ అంది. అన్న ప్రతిసారీ లేచాము. పక్షుల పెంపకంలో ఎంతో అనుభవం ఉన్న ఒక పెద్దమనిషి ఇది విని, ‘ఆపమంటే ఆపేస్తారని తెలిశాక ఇంకేం పలుకుతుందమ్మా, చేతులారా చెడగొట్టుకున్నారు’ అన్నారు. ఆయన మాటను నేను తేలికగా తీసుకోలేదు. ఆ పది రోజులూ నాకూ అదే భయం. కాని మూడవ వారం వచ్చేసరికి ‘సాలు’ రావడం తగ్గింది, పాఠం నిడివి పెరిగింది. ఇప్పుడు పది నిమిషాల పాఠంలో అది సామాన్యంగా ఎనిమిదో నిమిషం దాకా ఆగుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలనని తెలిసినందువల్లనే అది ధైర్యంగా కూర్చుంటోందని నేను నమ్ముతున్నాను. తలుపు తెరిచి ఉన్న గదిలో కూర్చోవడానికీ గడియ పెట్టిన గదిలో కూర్చోవడానికీ ఉన్న తేడా మనకు తెలియనిది కాదు.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. సీతాలు అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడేది మేము కనిపించనప్పుడు. నేను వంటింట్లో ఉంటే వసారా నుంచి ‘ఏటీ?’ అంటుంది, నేను ‘ఏటే’ అంటే నెమ్మదిస్తుంది, జవాబు ఇవ్వకపోతే గొంతు పెంచుతుంది. అడవిలో చిలుకలు గుంపు నుంచి విడిపోకుండా ఒకదానినొకటి పిలుచుకుంటూ ఉంటాయి. వెనిజులాలో చిన్న ఆకుపచ్చ చిలుకల మీద కార్ల్ బెర్గ్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఒక్కొక్క పిల్లకూ దానిదే అయిన పిలుపు ఉంటుందనీ, ఆ పిలుపు పెంచిన తల్లిదండ్రుల నుంచి వస్తుందనీ తేలింది. గుడ్లను గూళ్ళ మధ్య మార్చి చూసినా పెంపుడు తల్లిదండ్రుల పోలికే వచ్చింది. అంటే మనం పేరు పెట్టి పిలవడం లాంటిది చిలుకకు కొత్త విద్య కాదు. పంజరంలోని చిలుకకు గుంపు లేదు, మనమే ఉన్నాము. దాని మాట మొదట ఎవరినో పిలవడానికి పుట్టినది. కొత్తవాళ్ళు పదిమంది చుట్టూ నిలబడి, అది పిలవవలసిన మనిషి పక్కనే ఉండగా, ‘మాట్లాడు, మాట్లాడు’ అంటే దానికి ఆ మాటతో పని ఏముంటుంది?

ఈ నియమం నిజంగా పరీక్షకు నిలిచింది మొన్నటి పైడితల్లి అమ్మవారి పండుగనాడు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవైన మాను) తిరుగుతుంది కనుక ఆ రోజు ఊళ్ళో ప్రతి ఇల్లూ చుట్టాలతో నిండిపోతుంది. మా ఇంట్లో ఇరవైమంది దాకా ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలు అయ్యి, సిరిమాను చూడటానికి కోట వైపు బయలుదేరే ముందు అందరూ వసారాలో చేరారు. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారనే పిలుస్తాను, పట్నం నుంచి తన స్నేహితుడి కుటుంబాన్ని కూడా తీసుకువచ్చారు. చిలుక గురించి దారి పొడుగునా చెప్పారట. ‘ఏదమ్మా, అనిపించు’ అన్నారు. నేను జామ ముక్క తీసుకుని కళ్ళ ఎత్తులో పట్టి ‘ఇదేటి?’ అన్నాను. సీతాలు ఈకలు ఒంటికి బిగించి, సన్నగా, నిటారుగా నిలబడి ఉంది. బెదిరినప్పుడు అలా ఉంటుంది. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. తరువాత అత్తయ్య గొంతుతో, స్పష్టంగా ‘సాలు’ అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. మాట వచ్చింది కదా అన్నది వారి సంతోషం. ‘ఇంకోసారి, ఇంకోసారి’ అన్నారు పిల్లలు. నేను జామ ముక్కను దానికే ఇచ్చేసి, పంజరం మీద గుడ్డ కప్పి, వెనక గదిలోకి తీసుకువెళ్ళి తలుపు చేరవేశాను. అన్నయ్యగారికి కోపం వచ్చింది. ‘ఒక్కసారికే ఏమైపోతుందమ్మా, పిల్లలు ముచ్చటపడుతున్నారు’ అన్నారు. నేను ఆయనకు ఆ సమయంలో సరైన జవాబు చెప్పలేకపోయాను. పండుగపూట, అంతమంది ముందు, పెద్దవారితో వాదన పెట్టుకోవడం నాకు చేతకాలేదు. చెప్పవలసినది ఇది. ఆ మాట దానికి వచ్చిన మాటలలో ఒకటి కాదు, అది మాతో చేసుకున్న ఒప్పందం. ఆ ఒక్కసారి నేను విననట్టు ఊరుకుని ఉంటే, అప్పటి దాకా పొద్దున్నే పీటల మీద కూర్చుని ఇద్దరు పెద్దవాళ్ళం నెలల తరబడి చెప్పినదంతా అబద్ధమై ఉండేది. ‘సాలు’ అనే మాట కూడా వట్టి చప్పుడై, పంజరాన్ని కుదిపినప్పుడు ఆ రామచిలుక తెరిచిన నోరులాగా మిగిలిపోయేది. అన్నయ్యగారితో వచ్చిన పిల్లలలో ఏడేళ్ళ అమ్మాయి ఒకతె మాత్రం అందరూ బయలుదేరాక వెనక్కి వచ్చి, ‘దానికి భయం వేసిందా అత్తా?’ అని మెల్లగా అడిగింది. ‘కొంచెం వేసిందమ్మా, చాలని చెప్పింది’ అన్నాను. సరేనని తల ఊపి వెళ్ళింది. ఆ అమ్మాయికి అంతకంటే ఎక్కువ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు ‘నీళ్ళు’ నేర్పుతున్నాము. ‘ళ్ళు’ దగ్గర దాని నాలుక తడబడుతోంది, ‘నీయు’ అంటోంది. తొందర లేదు, ఈ జాతి చిలుకలు బాగా చూసుకుంటే నలభై, యాభై ఏళ్ళు బతుకుతాయి. నిన్న సాయంత్రం వాన వెలిశాక నేనూ మావారూ పీటలు వేసుకుని కూర్చున్నాము. గిన్నె చూపి రెండుసార్లు అడిగాను. రెండుసార్లు ‘నీయు’ అని రెండు గుక్కలు తాగింది. మూడవసారి అడిగితే ముక్కును రెక్కలో దూర్చి, మళ్ళీ తీసి, నా వైపు చూసి ‘సాలు’ అంది. గిన్నె తీసి లోపల పెట్టేశాను.